జిల్లా కలెక్టరు గారికి బహిరంగ లేఖ: పాత డైగ్లాట్లను కాపాడండి

గౌరవనీయులైన కలెక్టరు గారికి నమస్కారములు.

1832–33 నాటి నందన కరువులో గుంటూరు సీమ విడిచి వచ్చి, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి కాలువ కింద సేద్యంలో కుదురుకున్నారని ఇంట్లో చెప్పుకునే మా పూర్వీకుల వంశవృక్షాన్ని ఆరేళ్లుగా కూర్చుకుంటున్నాను. మా నాయనమ్మ అన్నదమ్ములని చెప్పిన ఇద్దరిని, ఇంటిపేర్లూ గోత్రాలూ పాడే వంశరాజులు తండ్రీకొడుకులన్నారు. ఈ చిక్కు విప్పగలిగేది సర్వే నంబర్ల వారీగా పట్టాదారుల పేర్లు రాసిన పాత సెటిల్‌మెంటు రిజిస్టరే, మన ఊళ్లలో డైగ్లాట్ అనేదే.

ఒక కార్యాలయంలో ఎంతో బతిమాలుకున్నాక ఆ పుట చూపించారు. పెద్దాయన పేరు నల్లసిరాతో స్పష్టంగా ఉంది. రెండో పేరు ఉండవలసిన చోట చెదలు తిన్న రంధ్రం ఉంది, అంచు ముట్టుకుంటే వేలికి పొడి అంటింది.

1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక కార్యాలయాలకు చేరిన కట్టలను వెంటనే స్కాన్ చేయించి, ప్రజలు చూసుకునే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. పట్టాల్లో ఆడపిల్లల పేర్లు అరుదు కనుక, గ్రామాల్లో మిగిలిన వంశరాజుల పాటలను కూడా వారి అనుమతితో రికార్డు చేయించండి.

ఇట్లు,
ఒక రైతు కుటుంబీకుడు