అమెరికావాళ్ళకి సాకర్ ఎక్కదని ఇంకా అనకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

అమెరికావాళ్ళకి సాకర్ (అదే, మన ఫుట్‌బాల్) ఎక్కదని మనవాళ్ళు ఇప్పటికీ అంటుంటే నాకు బాధేస్తుందండి. 2014 వరల్డ్ కప్‌లో జూలై 1న బెల్జియంతో అమెరికా మ్యాచ్, డాలస్‌లో మా ఆఫీస్ క్యాంటీన్‌లో బేస్‌బాల్ తప్ప ఇంకోటి ఎరగని ఒక పెద్దాయన సగం తిన్న శాండ్‌విచ్ అలాగే చేత్తో పట్టుకుని టీవీ ముందు నిలబడిపోయాడు, అమెరికా గోల్‌కీపర్ టిమ్ హోవర్డ్ గోల్‌లోకొచ్చే బంతుల్ని ఒకదాని తర్వాత ఒకటి ఆపుతుంటే మధ్యలో ఆఫ్‌సైడ్ అనే రూల్ అంటే ఏంటని నన్నే అడిగాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో 2-1తో ఓడిపోయారు. అయినా మర్నాడు పొద్దున్నే నా సీటు దగ్గరికొచ్చి మళ్ళీ వీళ్ళ మ్యాచ్ ఎప్పుడు అన్నాడు! 2010లో అల్జీరియా మీద ఆఖరి నిమిషాల్లో అమెరికా ఆటగాడు డోనోవన్ గోల్ కొట్టినప్పుడూ జనం ఇలాగే ఊగిపోయారు. నాలుగేళ్ళకోసారి వచ్చే అభిమానమే అయినా దాన్ని తక్కువ చేయొద్దండి, మనదగ్గర క్రికెట్ పిచ్చి ముదిరింది కూడా 1983 కప్పు తర్వాతే కదా.

— ఒక పాఠకుడు, డాలస్