వార్షిక నివేదిక 2025: డ్రమ్ములు నిండినయ్, మనుషులే రాలె

సభ్యులందరికీ నమస్తే. మీటింగ్‌ల రిపోర్టు చదవాలె కాబట్టి రాసిన, మనుషుల మూత్రాన్ని పారబోయకుంట ఎరువు చెయ్యనీకి ఈ సంఘం పెట్టుకున్నమని మీకు తెల్సిందే, ఇంకా మళ్ల చెప్ప.

ముందు వంకాయ మడి గురించి. ఆగస్టుల యూరియా కోసం జనం చెప్పులు లైన్ల పెట్టి నిలబడ్డ రోజుల్ల మన దగ్గర ఆర్నెల్లు మూత బిగించి నిల్వపెట్టిన మూత్రం డ్రమ్ములల్ల ఉండె. నిల్వ ఉంటే అందులో యూరియా అమ్మోనియా అయి ఘాటెక్కి క్రిములు చస్తయ్, మన ఎండలకు ఆర్నెల్లు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2006లనే చెప్పింది. ఒక పాలుకు ఐదు పాళ్లు నీళ్లు కలిపి, ఆకులకు తగలకుంట పక్కన గాడి తీసి పోసి వెంటనే మట్టి కప్పినం (కప్పకపోతే అమ్మోనియా గాలిల పోతది, వాసన మనకు మిగుల్తది). సగం మడికి ఇది, సగానికి దుకాణం యూరియా. ఏ సాలు ఏదో చెప్పుండ్రి అంటే ఒక్కరు చెప్పలె! ఆ వంకాయలే కోసి వండి పెట్టినం, ముట్టనన్న పెద్దమ్మలే రెండోసారి ఏయించుకున్నరు.

ఒక మనిషి ఏడాదికి పోసేది సుమారు 500 లీటర్లు, అందుల నత్రజని 4 కిలోల దాక ఉంటది, అంటే ఐదుగురున్న ఇల్లు ఏటా ఒక 45 కిలోల యూరియా బస్తాల ఉన్నంత నత్రజని మోరిల పారబోస్తున్నట్టే.

స్ట్రువైట్ (మూత్రంల భాస్వరాన్ని పొడిగ దించి తీసే ఎరువు) పని మాత్రం అంతంతే. ఎప్సం సాల్ట్ (మెగ్నీషియం ఉప్పు) కలిపితే భాస్వరం తెల్లపొడి అయి అడుక్కు దిగింది గానీ డ్రమ్ముకు దోసెడు కూడా రాలె. పైన తేరిన నీళ్లల్ల నత్రజని అట్లనే ఉంటది, అది పారబోయకుండ్రి అని ఎన్నిసార్లు చెప్పాలె? పొడి టెస్టుకు పంపుత అని తీస్కపోయిన సారు మళ్ల ఫోన్ ఎత్తలె, మడికాడికి వచ్చినప్పుడు ఫొటోలు మాత్రం మంచిగ దిగిండు.

కిరాయి తీస్కోకుంట క్యాన్లు మోసిన ఆటో తమ్మునికి, లెట్రిన్ గుంతలల్ల చల్లనీకి పొయ్యిల బూడిద ఇచ్చిన అక్కలకు, మడి ఇచ్చిన కాకకు, వంట చేసినోళ్లకు, మైకు ఇచ్చిన బడి పంతులుకు దండాలు. ఎవరినన్న మర్చిపోతే ఏమనుకోకుండ్రి.

లెక్కలు కోశాధికారి దగ్గర ఉన్నయ్, రసీదులతో సహా, చూస్కోండ్రి. డ్రమ్ములకే ఎక్కువ అయింది.

ఇగ వాలంటీర్లు. లిస్టుల పేర్లు పేజీ నిండ, ఆదివారం వచ్చేది ముగ్గురు, అందుల ఒకడిని నేనే. వచ్చే ఆదివారం క్యాన్లు కడగాలె, రబ్బరు గ్లౌజులు నేను తెస్త, ఎవరెవరు వస్తరో చాయ్ తాగేలోపు రిజిస్టర్ల రాయుండ్రి.

ఇట్లు,
కార్యదర్శి