ఒళ్లు తడిమే ముందు ఆ ఒక్క మాట చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

గంజాయి పట్టివేత వార్తలు మీ పేపర్లో దాదాపు రోజూ వస్తున్నాయి. ఎన్ని కిలోలు, ఏ బండి, ఎంతమంది అరెస్ట్, అన్నీ రాస్తున్నారు. సోదాకు ముందు చట్టం చెప్పమన్న మాట వాళ్లకు చెప్పారా లేదా అన్నది మాత్రం ఎక్కడా కనపడదు. నేను జిల్లా కోర్టులో ఈ కేసులు చూసే లాయర్ని, అందుకే రాస్తున్నాను.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మత్తు పదార్థాల కేసులు పెట్టే చట్టంలో, 50వ సెక్షన్ అని ఒకటుంది. మన ఒంటి మీద మత్తు పదార్థం దాచామని ముందే అనుమానం ఉండి సోదా చేయబోతుంటే, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో చేయమని అడిగే హక్కు మనకుందని పోలీసులే మనకు చెప్పాలి. మనం అడగలేదు కాబట్టి చెప్పలేదంటే కుదరదు. 1999లో బల్దేవ్ సింగ్ కేసులో, మళ్లీ 2010లో జడేజా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాలు ఇదే తేల్చాయి, ఏదో కొంతమేరకు పాటించాం అంటే సరిపోదని రెండోసారి ఇంకా గట్టిగా చెప్పాయి. 2014లో ఇంకో తీర్పు, ఇద్దరిని పట్టుకుంటే ఎవరికి వారికి విడిగా చెప్పాలి, సోదాకు వచ్చిన టీంలోని అధికారి ముందే చేయించుకుంటావా అని మూడో దారి చూపించకూడదు. ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలి, అందులో మినహాయింపు లేదు.

మరి ఫైళ్లలో కనపడేదేంటి? కాగితం ముందే టైపు చేసి ఉంటుంది, పేరు దగ్గర, టైము దగ్గర ఖాళీలు వదిలి పెన్నుతో నింపుతారు. "మీ మీద నాకు నమ్మకం ఉంది, వేరే అధికారి అవసరం లేదు" అని నిందితుడు అన్నట్టు రాసి ఉంటుంది, వేర్వేరు కేసుల్లో అక్షరం పొల్లు పోకుండా అదే వాక్యం. కింద వేలిముద్ర. ఆ వేలు ఎవరిదయ్యా అంటే, ఒడిశా సరిహద్దు కొండల్లోంచి కూలి డబ్బుల కోసం మూట మోసుకొచ్చిన మనిషిది, వాడికి కువి అనే గిరిజన భాష తప్ప తెలుగు సరిగ్గా అర్థం కాదు. సోదాకు సాక్షులుగా పెట్టిన మధ్యవర్తుల రిపోర్టులో మాత్రం హక్కులు వివరంగా తెలియజేశామని ఉంటుంది.

ఒక విషయం దాచకుండా చెప్పాలి, ఈ సెక్షన్ ఒంటి సోదాకే వర్తిస్తుంది, చేతిలో బ్యాగుకీ బండి డిక్కీకీ వర్తించదని కూడా సుప్రీంకోర్టే చెప్పింది. అయినా దీని విలువ తగ్గదు. ఈ చట్టంలో సరుకు దొరికిందని రుజువైతే నిర్దోషినని నిరూపించుకునే భారం చాలావరకు నిందితుడి మీదే పడుతుంది, 20 కిలోల గంజాయి దాటితే బెయిల్ దాదాపు రాదు, శిక్ష పడితే కనీసం పదేళ్లు. ఇంత కఠినంగా రాసిన చట్టం మామూలు మనిషికి ఇచ్చిన కాస్త రక్షణ ఆ సోదా పద్ధతిలోనే ఉంది, దాన్ని కూడా ముందే టైపు చేసిన కాగితంతో తీసేస్తే ఇంక మిగిలేదేంటి?

ఫోన్ల సంగతీ అంతే. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పోలీసులు దారిన పోయేవాళ్లను ఆపి, ఫోన్ అన్‌లాక్ చేయించి వాట్సాప్‌లో గంజాయి అనే మాట వెతకడం దేశమంతా వీడియోల్లో చూసింది. ఏ అనుమానమూ లేని మనిషి ఫోన్ అలా తెరిపించే అధికారం ఈ చట్టం ఇవ్వలేదు, పైగా గోప్యత ప్రాథమిక హక్కని 2017లోనే తీర్పు వచ్చింది. ఇష్టపడే ఇచ్చారంటారు, చుట్టూ నలుగురు పోలీసులు నిలబడితే కాదనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది చెప్పండి.

గంజాయి అమ్మేవాడికి హక్కులేంటి అని చాలామంది అంటారు. మా ప్రాంతంలో పిల్లలు పాడైపోవడం నేనూ చూస్తున్నాను, నాకూ కడుపు మండుతుంది. కానీ సోదా సరిగ్గా చేయకపోతే అసలు స్మగ్లరే మంచి లాయర్ని పెట్టుకుని ఆ లోపం పట్టుకుని బయటపడతాడు, మూట మోసినవాడు బెయిల్‌కి పూచీకత్తు ఇచ్చేవాళ్లు లేక జైల్లోనే ఉండిపోతాడు.

2024 జూలై 1 నుంచి సోదాలు వీడియో తీయాలని, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ చెబుతోంది కదా. ఆ వీడియో సరుకు బయటపడ్డాక కాదు, హక్కు చెబుతున్నప్పుడే మొదలవ్వాలి, ఆ మనిషికి వచ్చిన భాషలోనే చెప్పాలి, అతని జవాబు అతని నోటితోనే వినపడాలి. ఆంధ్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల డీజీపీలూ ఈ మేరకు స్టేషన్లకు రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలని, మీ విలేకరులు కూడా పట్టివేత ప్రెస్‌మీట్లలో ఈ ప్రశ్న అడగాలని కోరుతున్నాను.

– ఒక న్యాయవాది, ఉత్తరాంధ్ర