పాత ఈవీ సెల్లులు: బిగింపు దగ్గరే జాగ్రత్త

సంపాదకులకు నమస్కారం.

గ్రిడ్‌కు కలిపిన రూఫ్‌టాప్ సోలార్ కరెంటు పోగానే ఆగిపోతుంది. అందుకే అనంతపురంలో ఇళ్లకు బ్యాటరీ పెట్టుకునేవాళ్లు ఎలక్ట్రిక్ బండ్ల నుంచి తీసిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లుల వైపు చూస్తున్నారు. బీఎంఎస్ (సెల్లుల చార్జింగును చూసుకుని కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు) ఏది, ఇన్వర్టర్ ఏది అని ఎంతో విచారిస్తారు గానీ, సెల్లులను ఎలా నిలబెట్టాలి, ఎంత బిగించాలి అనేది మాత్రం పనివాడికే వదిలేస్తున్నారు. మా భయమంతా అక్కడే.

ముందు ఏరివేత. పొట్ట ఉబ్బిన సెల్లు, 2 వోల్టుల కన్నా కిందికి పడిపోయిన సెల్లు ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. అంతగా ఖాళీ అయిన సెల్లులో రాగి కరిగి, మళ్లీ చార్జింగ్ పెట్టినప్పుడు లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. మంచివాటిని నిండా చార్జ్ చేసి వారం పక్కన పెడితే, మిగతావాటికన్నా వోల్టేజీ ఎక్కువగా జారేవి తేలిపోతాయి.

పలక సెల్లుల డబ్బా అల్యూమినియం. చాలా రకాల్లో దానికి పాజిటివ్ వైపు వోల్టేజీ ఉంటుంది. పాత ప్యాకు నుంచి పెకలించేటప్పుడు పైనున్న నీలం పొర చిరుగుతుంది. చిరిగిన రెండు సెల్లులు ఒకదానికొకటి తగిలితే కరెంటుకు కొత్త దారి దొరికినట్టే. అందుకని ప్రతి రెండు సెల్లుల మధ్యా, చివరి ప్లేట్ల దగ్గరా 1 మిల్లీమీటరు ఎపాక్సీ ఫైబర్ షీటు పెట్టాలి. టేపుతో సరిపెట్టడం కుదరదు.

ఇక బిగువు. 280 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే సెల్లు కెపాసిటీ) సెల్లులకు తయారీదారులు సాధారణంగా చెప్పే ఒత్తిడి 300 కేజీల దరిదాపు. రెండు చివరలా మందపు అల్యూమినియం ప్లేట్లు, వాటిని కలుపుతూ నాలుగు ఎమ్8 (8 మిల్లీమీటర్ల మర) రాడ్లు వేస్తే ఒక్కో రాడ్డు వాటా 75 కేజీలు. నట్టును 1.2 న్యూటన్ మీటర్లు (తిప్పే బలం, అంటే టార్కు కొలత) బిగిస్తే చాలు, ఆ బలం వచ్చేస్తుంది. అంటే వేళ్లతో తిప్పి, ఆపైన స్పానరుతో కొంచెం. అలవాటు కొద్దీ 15 న్యూటన్ మీటర్లు లాగితే రాడ్డుకు 900 కేజీలు దాటుతుంది, సెల్లు నలిగిపోతుంది. సగం చార్జ్‌లో ఉన్నప్పుడు బిగించాలి, రాడ్లకు ఇన్సులేషన్ స్లీవు తొడగాలి. సెల్లు చార్జ్ అయినప్పుడు కాస్త ఉబ్బి, దిగినప్పుడు తగ్గుతుంది కాబట్టి సెల్లులను కలిపే గట్టి లోహపు పట్టీల బదులు వంగే పట్టీలు (బస్‌బార్లు) వాడాలి. లేకపోతే ఆ లాగుడంతా టెర్మినల్ మీద పడుతుంది. సెల్లులు నిటారుగానే ఉండాలి, పైన గాలి వదిలే బిళ్లను దేనితోనూ కప్పొద్దు.

టెర్మినళ్లను సన్నని గరుకు కాగితంతో రుద్ది, తుడిచి, వెంటనే ఆక్సైడ్ పట్టనివ్వని గ్రీజు పలుచగా రాసి, బిగించే బలాన్ని కొలిచే టార్కు రెంచితో బిగించాలి. ఎమ్6 అయితే 4 నుంచి 6 న్యూటన్ మీటర్లు. తర్వాత లోడు వేసి ప్రతి జాయింటు దగ్గర ఎన్ని మిల్లీవోల్టులు పడిపోతున్నాయో చూడాలి. మిగతావాటికి రెండింతలు చూపించేది సరిగా కూర్చోని జాయింటు, రేపు కాలేది అదే. ఈ పని మొదలుపెట్టే ముందు చేతి కడియం, ఉంగరం తీసేయాలి, స్పానరు పిడికి టేపు చుట్టాలి. 16 సెల్లుల వరుసలో షార్ట్ అయితే వేల ఆంపియర్లు పారతాయి. ఇంట్లో వాడే మామూలు ఏసీ ఎంసీబీ ఆ డీసీ ఆర్కును ఆర్పలేదు. పాజిటివ్ టెర్మినల్ పక్కనే టీ క్లాస్ ఫ్యూజు (అంత పెద్ద డీసీ షార్టును తెంచగల రకం) ఉండాల్సిందే. 3 కిలోవాట్ల ఇన్వర్టర్‌కు 125 ఆంపియర్ల ఫ్యూజు, 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు సరిపోతాయి.

ఇంతా చేసి మిద్దె మీద మెట్ల గదిలో రేకుల కింద పెడుతున్నారు. ఏప్రిల్, మే ఎండలకు ఆ గది కొలిమి. సెల్లు 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ ఆగేలా బీఎంఎస్‌లో పెట్టుకుని, కింది అంతస్తులో ఉత్తరం వైపు గాలాడే చోటు చూసుకోవాలి. పడకగది వద్దు, బయటికి పోయే దారీ వద్దు. 16 సెల్లులే 85 కేజీలకు పైబడి ఉంటాయి. ప్లైవుడ్ అలమరా కాకుండా ఇటుక దిమ్మెల మీద కడప బండ వేసి దానిపై నిలపండి. బరువు మోస్తుంది, అంటుకోదు.

బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు-2022 ప్రకారం పాత బ్యాటరీలను బాగుచేసే సంస్థలు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద రిజిస్టర్ కావాలి. కొనేవాళ్లు ఆ రిజిస్ట్రేషన్, బిల్లు, సెల్లువారీగా కెపాసిటీ, ఇంటర్నల్ రెసిస్టెన్స్ (సెల్లు లోపలి నిరోధం) రాసిన కాగితం అడగాలి. అధికారులు ఆ కాగితం లేకుండా అమ్మనివ్వకూడదు, ఇంట్లో బిగించే పద్ధతిని తెలుగులో ఒక పేజీగా అచ్చు వేసి విద్యుత్ సెక్షన్ ఆఫీసుల్లో ఉంచాలి.

- సోలార్, బ్యాటరీ పనులు చేసే ఎలక్ట్రీషియన్లు, అనంతపురం