పన్నెండు పేర్లూ వేసినందుకు

ఎడిటర్ గారికి నమస్కారం.

కిందటి నెల మీ పేపర్ జిల్లా పేజీలో, కింద మూలన, శ్రీకాకుళం జిల్లా అండర్-17 బాలుర కబడ్డీ జట్టు ఇదీ అని చిన్న వార్త వేశారు. ఫొటో లేదు. పన్నెండు మంది పేర్లు, పక్కన వాళ్ల స్కూళ్ల పేర్లు, అంతే. అందులో తొమ్మిదో పేరు మా అబ్బాయిది. ఆ ముక్క కత్తిరించి నా కుట్టుమిషన్ ఎదురుగా గోడకి అంటించాను. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపిస్తున్నాను, చదవడం రానివాళ్లకి నేనే చదివి వినిపిస్తున్నాను. పేపరుకి ఉత్తరం రాయడం నాకు ఇదే మొదటిసారి, ఎలా రాయాలో తెలీదు, మాట్లాడినట్టే రాస్తున్నాను.

మా వాడు పుట్టింది ఆగస్టు 29న. నరసన్నపేట ఆసుపత్రిలో వాడు పుట్టినప్పుడు ఆ రోజు గొప్పేమిటో మాకు తెలీదు. వాడు బడికి వెళ్లడం మొదలుపెట్టాకే తెలిసింది. ఆ రోజు హాకీ ధ్యాన్‌చంద్ గారి పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు కూడా అదే, తెలుగు భాషా దినోత్సవం. గిడుగు వారు పుట్టిన పర్వతాలపేట మాకు దూరం కాదు, శ్రీముఖలింగం పక్కనే. అందుకని వాళ్ల హైస్కూల్లో ఆ రోజు పొద్దున తెలుగు సారు గిడుగు వారి ఫొటోకి దండ వేయించి పిల్లలతో పద్యాలు చదివిస్తారు, మధ్యాహ్నం నుంచి పీఈటీ సారు ఆటలు పెడతారు. చిన్నప్పుడు మా వాడు, ఈ సంబరమంతా నా కోసమే కదమ్మా అని అడిగేవాడు. అవును బావు, నీ కోసమే అనేదాన్ని.

ఈ ఆగస్టుకి వాడికి 16 నిండాయి. పదో తరగతి. తోటివాళ్ల కంటే ఒక ఏడాది వెనకపడ్డాడు, అది వాడి తప్పు కాదు. వాడి చిన్నప్పుడు మేమంతా హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ల పనికి వెళ్లాం, మా జిల్లా నుంచి ఎంతమంది వెళ్తారో మీకు తెలిసిందే. ఒక సంవత్సరం చదువు అలా పోయింది. తర్వాత అక్కడే ఒక బడిలో వేశాం, అద్దె భవనంలో రెండో అంతస్తు, ఆడుకోవడానికి మెట్లు తప్ప ఏమీ లేవు. పిల్లాడు సన్నగా, ఎవరితోనూ మాట్లాడకుండా తయారయ్యాడు. చివరికి వాళ్ల నాన్న అక్కడే ఉండిపోయారు, నేను పిల్లలిద్దరినీ తీసుకుని ఊరికి వచ్చేశాను. ఏడో తరగతిలో ఇక్కడి ప్రభుత్వ హైస్కూల్లో చేర్చిన వారం రోజులకి వాడు మోకాళ్ల నిండా మట్టితో ఇంటికొచ్చాడు. ఏరా పడ్డావా అంటే, కాదమ్మా పట్టాను అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి నాకు మూడేళ్లు పట్టింది.

నిజం చెప్పాలంటే ఈ ఏడాది దాకా నేను వాడి ఆట ఒక్కటీ చూడలేదు. మిషన్ పని ఉంటుంది, పొలం పని ఉంటుంది, పైగా భయం. మా అత్త రోజూ అదే మాట, కాలో చెయ్యో విరిగితే వాళ్ల నాన్నకి ఏం చెబుతావే అని. పుట్టినరోజుకి వారం ముందు పీఈటీ సారే మా ఇంటికి వచ్చారు. జట్టు బనియన్ల వెనక నంబర్లు కుట్టివ్వమని పన్నెండు బనియన్లు తెచ్చారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అమ్మా, ఇన్ని నంబర్లు కుడుతున్నారు, ఒక్కసారి వచ్చి మీవాడి ఆట చూడండి" అన్నారు. కుట్టుడబ్బులు ఇవ్వబోతే నేను తీసుకోలేదు.

అలా ఆగస్టు 29న వెళ్లాను. పక్క ఊరి స్కూలుతో ఆట. సారు తెల్లారకుండానే వచ్చి సున్నంతో గీతలు గీశారట. ఎడిటర్ గారూ, కబడ్డీ అంటే ఇన్నాళ్లూ నాకు కూతకి వెళ్లేవాడే. టీవీలో తెలుగు టైటాన్స్ ఆట వస్తుంటే మా వీధి పిల్లలు అరిచేది కూడా వాడి పేరే. మా వాడు కూతకి వెళ్లడు. ఎడమ కార్నర్‌లో, అంటే వరసకి ఎడమ చివర, నిలబడతాడు. కొంచెం వంగి, చేతులు ముందుకి పెట్టి, పక్కవాడి చెయ్యి పట్టుకుని, కూతకి వచ్చిన రైడర్ పాదాల వైపే చూస్తూ ఉంటాడు. రైడర్‌కి ఉండేది ముప్పై సెకన్లు. ఆ ముప్పై సెకన్లూ మా వాడు దాదాపు ఏమీ చేయడు. మొదట్లో నాకు కోపం వచ్చింది, అందరూ గెంతుతుంటే వీడు ఊరికే నిలబడ్డాడేమిటి అని. పక్కనున్న ఒక పెద్దాయన, పాత ఆటగాడనుకుంటాను, నాకు చెప్పారు. తొందరపడి ముందే దూకితే రైడర్ తప్పించుకుని గీత దాటిపోతాడమ్మా, మీవాడు అవుట్, వాళ్లకి పాయింటు. రైడర్ కాలు చాపి వెనక్కి లాగుతాడు చూడండి, ఆ క్షణం కోసం చూస్తున్నాడు అన్నారు.

ఆయన చెప్పిన రెండు నిమిషాలకి అదే జరిగింది. ఆ అబ్బాయి మా వాడికంటే లావు, అప్పటికే మా పిల్లల్ని నలుగురిని అవుట్ చేసి కూర్చోబెట్టాడు. మళ్లీ కూతకి వచ్చి, కాలు చాపి, వెనక్కి తీసుకునే లోపల మా వాడు నేల మీద పడి మడమ పట్టేశాడు. వదల్లేదు. మిగతా ఇద్దరూ వచ్చి మీద పడ్డారు. విజిల్ వేశారు. బయట కూర్చున్న పిల్లల్లో ఒకడు లేచి లోపలికి పరిగెత్తుకొచ్చాడు. అవతలివాణ్ణి పడితే మనవాడు ఒకడు బతికి లోపలికి వస్తాడని నాకు అప్పుడే తెలిసింది. నేను లేచి నిలబడి ఏదో అరిచాను. ఏమని అరిచానో నాకే తెలీదు, ఆ గుంటడు నా కొడుకని మాత్రం అక్కడున్న వాళ్లందరికీ తెలిసిపోయింది. ఆట అయ్యాక వాడు వచ్చి, "అమ్మా, అంత గట్టిగా అరిస్తే ఎలా" అన్నాడు కానీ మొహం వెలిగిపోతోంది. ఆ రోజు గెలిచాం.

సాయంత్రం పరమాన్నం చేశాను. పుట్టినరోజుకి ఏం కావాలో ముందే అడిగాను. ఈ వయసు పిల్లలు ఫోన్ అడుగుతారు కదా, నేను భయపడుతూనే అడిగాను. వాడు షూ అడిగాడు. మామూలు షూ కాదట, మ్యాట్ మీద ఆడేవి. మన ఊళ్లో మట్టి మీద ఉత్తి కాళ్లతో ఆడతారు, పై పోటీలు మ్యాట్ మీద జరుగుతాయి, అక్కడ పట్టు ఉండే షూ లేకపోతే పాదం జారిపోతుంది, కార్నర్‌లో ఉండేవాడికి పాదమే ఆధారం అని నాకు పాఠం చెప్పాడు. ఎంపికవుతావని అంత నమ్మకమా అన్నాను. ఎంపిక కాకపోతే తమ్ముడికి దాచిపెడదాం అన్నాడు. ఆరు జాకెట్ల డబ్బులు, ఇంకొంచెం కలిపి కొన్నాం. రాత్రి వాళ్ల నాన్న వీడియో కాల్ చేస్తే, కేకు కంటే ముందు ఆ షూనే చూపించాడు.

తర్వాత మండల స్థాయి పోటీలు, ఆ తర్వాత దసరా వెళ్లాక జిల్లా స్థాయి. జిల్లాలో వాళ్ల జట్టు సెమీఫైనల్లో రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయింది. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. అదే రోజు రాత్రి సారు ఫోన్ చేసి జిల్లా జట్టులోకి మీవాణ్ణి తీసుకున్నారమ్మా అన్నారు. రాష్ట్ర స్థాయిలో మొదటి రెండు మ్యాచ్‌లూ బెంచీ మీదే ఉన్నాడు. మూడో మ్యాచ్ రెండో సగంలో దింపారు. ఇద్దరిని పట్టాడు, ఒకడు తప్పించుకున్నాడు. మన జట్టు లీగ్ దశ దాటలేదు. లెక్కకి ఇంతే. వాడు మాత్రం తిరిగి వచ్చాక మూడు రోజులు ఆ తప్పించుకున్న వాడి గురించే చెప్పాడు, ఎలా మోసం చేశాడో, ఈసారి దొరికితే ఏం చేయాలో. ఇంట్లో నోరు విప్పని పిల్లాడు అంతసేపు మాట్లాడుతుంటే నేను చేతిలో బట్ట పక్కన పెట్టి విన్నాను.

ఇప్పుడు బంధువులంతా ఒకటే పోరు. పదో తరగతిలో ఆటలేంటి, మార్కులు వస్తే ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుంది కదా, కబడ్డీ అన్నం పెడుతుందా అని. వాళ్ల మాట తీసిపారేయను. లెక్కల్లో వాడికి 38 వచ్చాయి, నాకూ టెన్షన్‌గానే ఉంది. మార్చిలో పరీక్షలు, రోజూ రాత్రి పది దాకా నేను మిషన్ తొక్కుతుంటే పక్కన కూర్చుని లెక్కలు చేస్తున్నాడు. కానీ పొద్దున అయిదున్నరకి గ్రౌండుకి వెళ్లడం మాన్పించను. ఎవరూ లేపకుండా లేచే అలవాటు వాడికి ఆ గ్రౌండ్ వల్లే వచ్చింది. చోడి (రాగి) అంబలి వద్దని మొహం తిప్పుకునేవాడు ఇప్పుడు అడిగి తాగుతున్నాడు. అన్నిటికంటే, ఓడిపోయిన రోజు తన వల్లే ఓడామని ఏడుస్తున్న చిన్న పిల్లాణ్ణి భుజం మీద చెయ్యి వేసి బస్సెక్కించాడట. అది మా వాడు చెప్పలేదు, సారు చెప్పారు.

నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు, 2000 సంవత్సరం సెప్టెంబరులో, మా సారు ఒక పేపరు తెచ్చి బడి గోడకి అంటించారు. సిడ్నీ ఒలింపిక్స్‌లో మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి గారు 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చారు. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. మా ఊరి నుంచి బస్సెక్కి వెళ్లిపోగలిగే ఊరి మనిషి పేపర్లో ఉంది అని ఆడపిల్లలందరం దాని ముందు నిలబడి చూశాం. ఆ కాగితం ఎండకి పసుపుపచ్చగా అయ్యేదాకా ఆ గోడ మీదే ఉంది. మా వాడు మల్లీశ్వరి గారంతటివాడు అవుతాడని నేను అనడం లేదు. కాని పేపర్లో మన ఊరి పేరు, మన పిల్లల పేరు చూస్తే పిల్లలకి ఎలా ఉంటుందో నాకు అప్పటి నుంచీ తెలుసు.

అందుకే మిమ్మల్ని ఒకటి అడగాలని ఈ ఉత్తరం. గెలిచిన జట్టుకి ఫొటో వేస్తారు, మంచిదే. ఓడిన జట్టు పిల్లల పేర్లు కూడా వేయండి. కెప్టెన్ పేరు, బాగా కూత పెట్టినవాడి పేరు ఒక్కటే కాకుండా, మొన్న వేసినట్టు పన్నెండు మందివీ వేయండి, స్కూలు పేరుతో సహా. ఖోఖో ఆడే ఆడపిల్లలవీ, వాలీబాల్ పిల్లలవీ కూడా. రెండు వరసల చోటు చాలు. గ్రౌండులో సున్నం గీసే సార్ల పేరు కూడా ఎప్పుడైనా ఒకసారి వేస్తే ఇంకా సంతోషం. ఈ ఉత్తరం చదివే తల్లిదండ్రులకి కూడా ఒక మాట. మీ పిల్లలు ఏదైనా ఆట ఆడుతుంటే పని మానుకుని ఒక్క పూట వెళ్లి చూడండి. నేను మూడేళ్లు వెళ్లలేదు, ఆ మూడేళ్ల ఆటలు ఇప్పుడు చూద్దామన్నా దొరకవు.

ఇంకొక్కటి. మా ఆయన ఉండే చోటికి హైదరాబాద్ పేపరే వస్తుంది, మన జిల్లా పేజీ రాదు. నేను ఆ వార్తని ఫోన్లో ఫొటో తీసి పంపాను. సైట్‌లో తోటి మేస్త్రీలకి చూపిస్తే, తొమ్మిదో పేరు ఏదో కనపడటం లేదన్నారట, ఫొటో అంత మసగ్గా వచ్చింది. సంక్రాంతికి ఇంటికి వస్తున్నారు, కాగితమే చేత్తో పట్టుకుని చూస్తానన్నారు. గోడకున్నది తీస్తే చిరిగిపోతుంది. ఆ రోజు పేపరు మీ ఆఫీసులో ఇంకొకటి ఉంటే చెప్పించండి, శ్రీకాకుళం వచ్చి డబ్బులిచ్చి తీసుకుంటాను.

ఇట్లు,
కార్నర్‌లో ఆడే అబ్బాయి తల్లి,
నరసన్నపేట దగ్గర, శ్రీకాకుళం జిల్లా