వార్షిక నివేదిక: 1798 నాటి పుస్తకాలతో మన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టే ఈ ఏడాది మన పఠన కార్యక్రమాలన్నీ 1798లో వెలువడిన పుస్తకాల చుట్టూ నడిచాయి. ఆ సంవత్సరమే ఎందుకని కొందరు అడిగారు. సి.పి. బ్రౌన్ కలకత్తాలో పుట్టింది ఆ ఏడాది నవంబరు 10న. ఆయన పుట్టేనాటికి లోకంలో ఏమేం అచ్చవుతున్నాయో చూడాలనిపించింది.

ఎక్కువ సమావేశాలు ‘లిరికల్ బ్యాలడ్స్’కే పట్టాయి. వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ అనే ఇద్దరు ఇంగ్లీషు కవులు తమ పేర్లు వేసుకోకుండా తెచ్చిన 23 కవితల పుస్తకం అది. వాటిలో 19 వర్డ్స్‌వర్త్‌వి. మధ్యతరగతి, కింది తరగతి జనం మాట్లాడుకునే భాష కవిత్వానికి ఎంతవరకు పనికొస్తుందో చూడటానికే వీటిలో చాలావరకు రాశామని ముందుమాటలో చెప్పుకున్నారు. గిడుగు రామమూర్తి గారి పోరాటం తెలిసిన మనవాళ్లకు ఈ మాట చదవగానే ప్రాణం లేచివచ్చింది. అయితే పుస్తకంలో మొదటిదైన కోల్‌రిడ్జ్ ‘ముసలి నావికుడు’ నిండా పాతకాలపు ఇంగ్లీషు మాటలే! దీనిమీద సభ్యులు గట్టిగానే వాదించుకున్నారు. కోల్‌రిడ్జ్ తోడల్లుడు, కవి సదే కూడా అదే ఏడాది తన సమీక్షలో ఈ కవితను తీసిపారేశాడు. సదే తొందరపడ్డాడనే నా అభిప్రాయం. పక్షిని ఊరకే చంపిన మనిషి పడే యాతనను అంత బలంగా చెప్పిన కవిత మరొకటి నేను చదవలేదు. 1800 కూర్పులో ఆ పాత మాటలు చాలావరకు తీసేశారు.

ఉక్రెయిన్ కవి కొత్ల్యరేవ్‌స్కీ ‘ఎనెయిదా’ మనలో చాలామందికి కొత్త. ఇంగ్లీషు అనువాదంలో కొన్ని భాగాలే చదవగలిగాం. రోమన్ కవి వర్జిల్ కావ్యంలోని వీరులను కొసాక్కులుగా, అంటే ఉక్రెయిన్ యోధులుగా మార్చి, జనం నోటి భాషలో నవ్విస్తూ చెప్పిన కథ ఇది. కవి అనుమతి లేకుండానే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అచ్చేశారట. ఆధునిక ఉక్రేనియన్ సాహిత్యం దీనితోనే మొదలైందంటారు. ఒక్క సమావేశం దీనికి చాలలేదు.

జనాభాపై ఇంగ్లీషు ఆర్థికవేత్త మాల్థస్ వ్యాసం ఒక పూటలో ముగించాం. బెర్లిన్‌లో జర్మన్ సాహిత్య విమర్శకులైన ష్లెగెల్ సోదరులు మొదలుపెట్టిన సాహిత్య పత్రిక వంతు రానేలేదు.

నవంబరు సభ బ్రౌన్‌కే. 1829లో ఆయన 693 వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించిన సంగతి చెప్పుకుని, పిల్లల చేత ఆటవెలదులు చదివించాం. పెద్దలు కూడా గొంతు కలిపారు.

వచ్చే ఏడాదికి 1789 తీసుకోవాలని కార్యవర్గం ప్రతిపాదన. విలియం జోన్స్ ‘శాకుంతలం’ ఇంగ్లీషు అనువాదం కలకత్తాలో వెలువడిన సంవత్సరమది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా అందజేస్తారు. తీసుకెళ్లిన పుస్తకాలు ఉగాదిలోపు తిరిగి ఇవ్వగలరు.

— కార్యదర్శి