కాగితపు గుజ్జు బుట్టలు నిలిచాయి: దారి చూపిన అందరికీ కృతజ్ఞతలు

కాగితపు గుజ్జు బుట్టలకు వానాకాలంలో బూజు పడుతోందనీ, ఎండేటప్పుడు అంచులు పగులుతున్నాయనీ, తెల్లరంగు వేశాక పసుపు మరకలు పైకి తేలుతున్నాయనీ విజయనగరంలో ఈ బుట్టలు చేస్తున్న మేమిద్దరం శ్రావణంలో మిమ్మల్ని అడిగాం. శ్రీకాకుళం, ఆమదాలవలస, సోంపేట, విజయనగరం, బొబ్బిలి, ఇలా ఎన్ని చోట్ల నుంచి ఎంతమంది బదులిచ్చారో! కొందరు సరుకే పంపించారు. అందరి మాటా చేసి చూశాం. ఏది ఎంత కలిపితే పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో కొలతలతో సహా మళ్లీ మీ ముందు పెడితేనే మీ రుణం కొంతైనా తీరుతుంది. పేర్లు రాయకుండా, మీ మీ పనులను బట్టే మిమ్మల్ని తలుచుకుంటున్నాం.

మా పాళ్లు ముందు చెబుతాం. పాత న్యూస్‌పేపర్లు అర కిలో. వాటిని చింపాలి, కత్తిరించకూడదు. కత్తెర పడినచోట పోగు తెగుతుంది. చింపిన అంచున పోగులు బయటికి వచ్చి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మెరిసే కాగితాలు, శుభలేఖల అట్టలు పక్కన పెట్టేయండి, వాటి మీది పూత గుజ్జుకు పట్టు లేకుండా చేస్తుంది. మరిగే నీళ్లు పోస్తే ఒక రాత్రి నానితే చాలు. చన్నీళ్లయితే 3 రోజులు పడుతుంది, రోజూ నీళ్లు మార్చకపోతే కుళ్లు వాసన వస్తుంది. మిక్సీలో గుప్పెడు ముక్కలకు రెండు గ్లాసుల నీళ్లు పోసి ఆపి ఆపి తిప్పాలి. మరీ వెన్నలా రుబ్బేస్తే పోగు పొట్టిదైపోయి, ఎండాక బుట్ట అప్పడంలా విరుగుతుంది. అక్షరాలు కనబడకూడదు, పోగు మాత్రం వేలికి తగలాలి. తర్వాత గుడ్డలో మూటకట్టి పిండాలి. ముద్ద చేస్తే నిలవాలి, గట్టిగా నొక్కితే వేళ్ల సందుల్లో చెమ్మ తేలాలి, చుక్క మాత్రం రాలకూడదు.

దీనికి మెంతులు 100 గ్రాములు, రాత్రి నానబెట్టి పొద్దున్న రుబ్బినవి. ఇది కొత్త సంగతి కాదు. చేటల సందులు పూడ్చడానికి మెంతులు కలిపిన కాగితపు గుజ్జు అలకడం మన పల్లెల్లో పెద్దవాళ్లకు బాగా తెలిసిన పని. మెంతుల్లోని జిగట పోగుల్ని పట్టి ఉంచుతుంది, ఆ చేదుకు పురుగు కూడా అంత త్వరగా జోలికి రాదు. పట్టు కోసం 200 గ్రాములు వేయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. అలా చేసిన బుట్టలు రెండు రోజులు ఆలస్యంగా ఎండాయి, అడుగున నెర్రెలు కూడా వచ్చాయి. ఆ జిగటే నీటిని విడవకుండా పట్టుకుంటుంది, అది పోయేటప్పుడు ఎక్కువగా ముడుచుకుంటుంది. మా చేతికి 100 గ్రాములే సరిపోయింది.

బూజు సంగతికి వస్తే, విజయనగరంలో పుస్తకాల బైండింగ్ చేసే పెద్దాయనకు మొదటి నమస్కారం. బూజుకు మూలం కాగితం కాదని, పైన అంటించే మైదా జిగురని తేల్చింది ఆయనే. బైండింగ్ వాళ్లు జిగురులో మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) వేస్తారు. 100 గ్రాముల మైదాను ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం అర లీటరు నీళ్లయ్యేలా పోసి, సన్నసెగ మీద తిప్పుతూ ఉంటే తెల్లదనం పోయి అద్దంలా తేటబడుతుంది. అప్పుడు దించేయాలి. శనగగింజంత మైలతుత్తాన్ని గాజుగ్లాసులో రెండు చెంచాల వేడినీళ్లతో కరిగించి, జిగురు గోరువెచ్చగా అయ్యాక కలపాలి. అల్యూమినియం గిన్నెలో, ఇనుప మూకుడులో అసలు కలపొద్దు. ఆ లోహాలు తుత్తంలోని రాగిని లాగేసుకుంటాయి, గిన్నెకు గుంటలు పడతాయి, జిగురు నల్లబడుతుంది, బూజును ఆపే గుణమూ పోతుంది. ప్లాస్టిక్ డబ్బా మంచిది. మైలతుత్తం విషం. పిల్లలకు అందనిచోట పెట్టండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడగండి, ఆ గిన్నెను మళ్లీ వంటింట్లోకి తేవద్దు. చిన్నపిల్లలున్న ఇంటికి ఇచ్చే వస్తువుల్లో దీన్ని మానేసి, అర లీటరు జిగురుకు 10 చుక్కల లవంగ నూనె వేస్తున్నాం. ఆ జిగురు రెండు రోజులకు మించి నిలవదు, ఏ రోజుది ఆ రోజే కాచుకోవాలి.

అయితే జిగురు ఒక్కటే సరిచేస్తే బూజు పోదు. రణస్థలం వైపు నుంచి సైన్సు చెప్పే టీచరమ్మ ఒకామె బుట్ట ఎండిందో లేదో ఎలా తెలుసుకుంటున్నారని అడిగింది. పైన గట్టిగా ఉంటే ఎండినట్టే అనుకునేవాళ్లం. ఆమె చెప్పిన పరీక్ష ఇది: వంటింటి త్రాసు మీద రోజూ ఒకే వేళకు తూచి బరువు రాయండి, వరసగా రెండు రోజులు బరువు తగ్గకపోతే అప్పుడు ఎండినట్టు. త్రాసు లేకపోతే అడుగుభాగం చెంపకు ఆనించాలి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. బుట్ట అడుగు ఎప్పుడూ గోడకన్నా మందంగా ఉంటుంది, తడి అక్కడ దాక్కుంటుంది. ఆ తడి మీద రంగు వేసి మూసేస్తే బూజు లోపలి నుంచే పుడుతుంది. అమ్మా, మీ ఒక్క ప్రశ్నతో సగం బుట్టలు బతికాయి.

ఇక పగుళ్లు. ఇక్కడ విజయనగరంలో వెదురు బుట్టలల్లే ఆ అమ్మ గురించి ఎంత చెప్పినా తక్కువే. స్టీలు బేసిన్‌ను బోర్లించి దాని మీద గుజ్జు అద్దడం చాలామంది చేసే పద్ధతి. గుజ్జు ఎండుతూ ముడుచుకుంటుంది, లోపల బేసిన్ ముడుచుకోదు కదా, అందుకే అంచు దగ్గర పగిలి తీరుతుంది. బేసిన్ లోపల అద్దితే గుజ్జు తనంతట తానే గోడను వదిలి లోపలికి జరుగుతుంది, పగలదు. కానీ లోహం వైపు గాలి తగలదు, ఒకవైపే ఎండి వంకర పోతుంది. ఆమె ఈ రెండింటికీ ఒకేసారి విరుగుడు చెప్పింది: వెదురు తట్టనే అచ్చుగా వాడమంది. సందులు చిటికెనవేలు పట్టేంత వెడల్పుగా ఉండేలా పలచగా అల్లిన తట్టలు నాలుగు అల్లి ఇచ్చింది. లోపల పాత నేత చీర ముక్క తడిపి పరిచి, దాని మీద గుజ్జు అద్దుతున్నాం. తట్ట సందుల్లోంచి బయటికీ, పైనుంచీ గాలి ఆడుతుంది. గుడ్డ మడతలు పడితే అవి బుట్టకు గాట్లుగా దిగుతాయి కాబట్టి నలుమూలలా లాగి బట్టలకు పెట్టే క్లిప్పులతో బిగించాలి.

గుజ్జు మందం చిటికెనవేలంత. అంతా ఒకేసారి అద్దేయాలి. పొద్దున్న సగం, సాయంత్రం సగం అద్దితే ఆ రెండూ కలిసినచోటే పొర విడుతుంది. అద్దాక పొడి గుడ్డతో నొక్కుతూ నీరు లాగాలి. మొదటి రోజంతా నీడలో, గాలి తగిలే వసారాలో ఉంచాలి. మొదటి రోజే ఎండలో పెడితే పై పొర బిగిసిపోయి లోపలి తడి బయటికి రాలేదు. రెండో రోజు గుడ్డతో సహా తట్టలోంచి తీసి బోర్లించి, ఇటుకల మీద ఎత్తుగా పెట్టాలి. మూడో రోజు నుంచి ఎండ. వానల్లో ఇంట్లో ఫ్యాను కింద 8 నుంచి 10 రోజులు పడుతోంది. పొయ్యి దగ్గర పెట్టి తొందరపెట్టొద్దు.

అంచుకు బలం సోంపేట నుంచి వచ్చింది. అక్కడి చెల్లెమ్మ ఒకామె చేత్తో పేనిన సన్న కొబ్బరి తాడు పంపింది. దాన్ని గంటసేపు నానబెట్టి పిండి, అంచులో గుజ్జు మధ్య దాచాలి. పొడిగా పెడితే చుట్టూ ఉన్న గుజ్జులోని తడిని తాడు పీల్చేస్తుంది, అంచు తొందరపడి ఎండి విడిపోతుంది. కొసలు ఒకదాని మీద ఒకటి రెండు వేళ్ల మేర ఎక్కాలి. ఇలా చేసిన బుట్టల్లో ఒక్కదానికి కూడా ఇంతవరకు అంచు పగలలేదు.

పసుపు మరకల గుట్టు బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసే ఇంటి నుంచి తెలిసింది. బొబ్బిలి వీణకు వాడేది పనస కర్ర, ఒకే దుంగను తొలిచి చేస్తారు. అక్కడి పనస కర్ర రంపపు పొట్టునే గుజ్జుకు గట్టిదనం కోసం కలుపుతున్నాం. పనస చేవలో పసుపు రంగు సహజంగా ఉంటుంది. కొన్ని దేశాల్లో బౌద్ధ భిక్షువులు కట్టుకునే చీవరాలకు (వస్త్రాలకు) పనస చెక్కను ఉడికించే రంగు తీస్తారు. ఆ రంగు నీటిలో కరుగుతుంది కాబట్టి తెల్లరంగులోని తడి తగలగానే పైకి తేలుతుంది. మార్గమూ వాళ్లే చెప్పారు: పొట్టును నీళ్లలో అరగంట ఉడికించి, వడకట్టి, ఆ నీళ్లు పారబోయాలి. అలా 3 సార్లు. మూడోసారి నీరు లేత టీ రంగుకు దిగుతుంది. పటిక వేయకండి, పటిక రంగును పోగొట్టదు సరిగదా మరింత పట్టి ఉంచుతుంది. ఎండిన పొట్టును జల్లెడ పట్టి అర కిలో కాగితానికి రెండు గుప్పిళ్లు కలిపితే చాలు. ఎక్కువైతే గుజ్జు పొడిపొడిగా రాలుతుంది. పొట్టు మోసుకొచ్చి ఇచ్చిన ఆ ఇంటి అబ్బాయికి మా ఆశీస్సులు.

మిగిలిన పొట్టు పగుళ్లు పూడ్చడానికి పనికొచ్చింది. ఆమదాలవలస అత్తమ్మ చెప్పిన చింతపిక్కల జిగురు దీనికి ఎంతో బాగుంది. పిక్కలు వేయించి, తొక్క తీసి, రాత్రంతా నానబెట్టి, రుబ్బి, 8 రెట్ల నీళ్లలో గరిటె జారుడుగా ఉడికించాలి. అందులో పొట్టు కలిపి ముద్ద చేసి పగులులో నొక్కాలి. కొండపల్లి బొమ్మల భాగాలు అతికేది కూడా చింతపిక్కల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతోనే.

తెల్లపూతకు సుద్ద పొడి 3 గ్లాసులు, ఫెవికాల్ 1 గ్లాసు, పలచటి మజ్జిగలా అయ్యేదాకా నీళ్లు. సుద్ద జల్లించి ఇచ్చిన డిగ్రీ కాలేజీ పిల్లలు ఆరుగురికీ ప్రత్యేకంగా ధన్యవాదాలు, ఆ పని మా భుజాలకు కష్టం. పలచగా 3 పూతలు వేయాలి. మందంగా ఒకే పూత వేస్తే ఎండిన చెరువులా నెర్రెలిస్తుంది. పూతకూ పూతకూ మధ్య 120 నంబరు గరుకు కాగితంతో, చివర 220తో రుద్దాలి. ముక్కుకు గుడ్డ తప్పనిసరి.

రంగుల్లో జేగురు (ఎర్రమట్టి రంగు), దీపం మసి బాగా నిలుస్తున్నాయి. వాటికి నానబెట్టిన తుమ్మజిగురు కలుపుతున్నాం. పసుపుతో వేసిన ముగ్గులు మాత్రం అడిగినవాళ్లందరికీ వద్దనే చెబుతున్నాం. పసుపు ఎండకు వెలిసిపోతుంది. తెల్లపూతలో సుద్దకు బదులు సున్నం వాడి ఉంటే పారాణిలా ఎర్రబడుతుంది. సవర గిరిజనుల చిత్రాల్లోని బొమ్మలు వేసివ్వమని కొందరు అడిగారు. సవరలు ఇంటి గోడల మీద వాటిని పూజ కోసం వేసుకుంటారు. బుట్టల మీద అలంకారంగా వేయడం మాకు మనస్కరించలేదు, మన్నించండి. మీరు పంపిన మెలికల ముగ్గులు చాలానే ఉన్నాయి, వాటినే వేస్తున్నాం.

ఏటికొప్పాక బొమ్మల్లా లక్క మెరుపు తెమ్మన్నారు ఇద్దరు. అక్కడ అంకుడు కర్ర తరిణె (కర్రను తిప్పే యంత్రం) మీద తిరుగుతుంటే ఆ రాపిడి వేడికి లక్క కరిగి పడుతుంది. కాగితపు బుట్టకు అది కుదరదు. వడ్రంగులు పాలిష్‌కు వాడే లక్క రేకులు 100 గ్రాములు అర లీటరు స్పిరిట్‌లో ఒక రాత్రి కరిగించి, గుడ్డతో రెండు పూతలు వేస్తే మెరుపు వస్తుంది. దగ్గర్లో దీపం గానీ పొయ్యి గానీ ఉండకూడదు. వాన పడే రోజున వేస్తే గాలిలోని చెమ్మకు పూత పాలలా తెల్లబడుతుంది. కార్తీకం దాటాక, ఎండ బాగా కాసే మధ్యాహ్నం వేయండి.

ఇప్పటికి 22 బుట్టలు పూర్తయ్యాయి. వీటిని అమ్మడం లేదు. సరుకు పంపినవాళ్లకూ మాట సాయం చేసినవాళ్లకూ ముందు చేరతాయి, మిగిలినవి వీధిలో అంగన్‌వాడీ పిల్లల బొమ్మలు సర్దుకోవడానికి. అంగన్‌వాడీకి ఇచ్చేవన్నీ లవంగ నూనెవే. తుత్తం వాడినవాటి అడుగున నీలం చుక్క పెట్టాం, అందులో తినే వస్తువు ఏదీ వేయకండి. గాజులు, ఊలు ఉండలు, ఉత్తరాలు, ఎండు పూలు వేసుకోండి. రెండు కిలోల బరువు దాటించొద్దు. తడిగుడ్డతో తుడవొద్దు, పొడి కుంచె చాలు. సంక్రాంతికి ఇంటికి వచ్చేవాళ్లు పాత న్యూస్‌పేపర్లతో పాటు, ఉంటే చింతపిక్కలు కూడా ఓ సోలెడు పట్టుకురండి. వెదురు తట్టలు ఇంకా రెండు ఖాళీగా ఉన్నాయి, నేర్చుకోవాలనుకునేవాళ్లు కూర్చుని ఒక బుట్ట అద్దుకుని వెళ్లొచ్చు.